గడప దాటని మట్టి

బాడుగల దళారి సంజీవప్ప ఇల్లు పెనుకొండలో, కొండ నీడ పడే వీధిలో ఉండేది. ధర్మవరంలో రైలెక్కి వచ్చిన నారాయణస్వామి ఆ ఇంటి ముందు నిలబడేసరికి లోపల ఎవరో గట్టిగా వాదిస్తున్నారు. దళారి గొంతు అదే కాబోలు అనుకున్నాడు. కాదు. అతని పెండ్లాం రామక్క ఎనుముతో మాట్లాడుతోంది. సంజీవప్ప బయట తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఎర్రంచు తుండుగుడ్డ ఉంది. దాని మడతలు సర్దుకుంటున్నాడు.

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం అది. నారాయణస్వామి అప్పటిదాకా సాహుకారు మగ్గం మీదే నేశాడు. నేసిన చీర మగ్గం దిగిందంటే మళ్ళీ కంటికి కనపడేది కాదు. ఒకసారి సాహుకారు తరఫున హిందూపురం అంగడికి చీరలు మోసుకుపోయాడు. మైసూరు సీమ నుంచి వచ్చిన రైతు కుటుంబం ఒకటి అక్కడ చీర బేరం చేస్తోంది. ముసలామె అంచును వేళ్ళతో తడిమి, దీన్ని ఎట్లా నేస్తారని అడిగింది. అంగడివాడికి తెలియదు. పక్కనే మూట పట్టుకుని నిలబడిన నారాయణస్వామికి తెలుసు. అతన్ని ఎవరూ అడగలేదు.

ఆ రోజు నుంచి అతని తలలో ఒకటే ఆలోచన. వీధి మీద ఒక అంగడి. తలుపు తీయగానే మగ్గం. గోడకు చీరలు. అడిగినవాళ్ళకు చెప్పడానికి తను.

"ఏమప్పా, యాడ నుంచి?" అన్నాడు సంజీవప్ప.

"ధర్మవరం. మగ్గం పని. హిందూపురంలో అంగడి గావల్ల."

సంజీవప్ప అతని మొహం చూడలేదు. తుండుగుడ్డనే చూస్తూ అడిగాడు. "నీ సరుకు కొనేటోళ్ళు నడిచొస్తారా, బండ్లల్లో వస్తారా?"

నారాయణస్వామి ఆ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. పట్టుచీర కదా, పెండ్లిళ్ళకు కదా, బండ్లలోనే వస్తారన్నాడు.

"సరే. సంతనాడు హిందూపురం రా."

రామక్క వాకిట్లోకి వచ్చి నవ్వింది. "ఇంగ ఈ పొద్దుకు ఈయప్ప మాటలు అయిపోయినాయి. నీకేమన్నా అడగాలని ఉంటే నన్ను అడుగు. అన్నం తింటావా?"

సంజీవప్ప మొదట్లో పశువులు అమ్మే పరసల్లో దళారి. అక్కడ బేరం నోటితో జరగదు. అమ్మేవాడి చేయి, దళారి చేయి ఒక గుడ్డ కింద కలుస్తాయి. వేలు పట్టుకుంటే ఒక అంకె, కణుపు నొక్కితే ఇంకొకటి. తర్వాత కొనేవాడి చేయి. చుట్టూ ఎంతమంది నిలబడినా ఎంతకు తెగిందో ముగ్గురికే తెలుస్తుంది. పట్నంలో అంగళ్ళు పెరిగి, బాడుగల గొడవలు పెరిగాక, జనం అతన్ని అక్కడికీ పిలవసాగారు. అతను అదే గుడ్డ తీసుకుపోయాడు. గుడ్డ కింద అతను తెంపిన బేరం ఒక్కటి కూడా వెనక్కి పోలేదని పెనుకొండలోనూ హిందూపురంలోనూ అనుకునేవారు.

సంతనాడు సంజీవప్ప అతన్ని చింతపండు మండీల వీధికి తీసుకుపోయాడు. మూసి ఉన్న ఒక అంగడికి ఎదురుగా, ఒక గోడ వారన కూర్చోబెట్టాడు. తనూ కూర్చున్నాడు. ఎండ ఎక్కేదాకా ఒక్క మాట లేదు. వచ్చేపోయేవాళ్ళు పలకరిస్తే తల ఊపాడు. నారాయణస్వామికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఈయనకు మతి ఉందా అనిపించింది.

ఎండ నడినెత్తికి వస్తుండగా సంజీవప్ప గడ్డంతో అటు చూపించాడు. "చూసినావా?"

నారాయణస్వామి చూశాడు. బెల్లం బండ్లు, పెండ్లి బండ్లు, ఏవైనా సరే, ఆ మలుపు దగ్గర ఆగుతున్నాయి. అక్కడ పశువులకు నీళ్ళ తొట్టి ఉంది. ఎద్దులను విప్పుతున్నారు. ఆడవాళ్ళు బండి దిగి, మూసిన అంగడి నీడలో నిలబడుతున్నారు.

"ఎద్దులు నీళ్ళు తాగేంతసేపు ఆడోళ్ళు ఊరికే ఉంటారు" అన్నాడు సంజీవప్ప. "ఊరికే ఉన్నోళ్ళు చూస్తారు."

నారాయణస్వామికి మూసిన తలుపుల వెనక తన మగ్గం ఆడుతున్నట్టే వినిపించింది. అతను ఆ వీధిలో చాలాసార్లు నడిచాడు. తొట్టినీ చూశాడు, ఎద్దులనూ చూశాడు. ఆ నీడను ఒక్కసారీ చూడలేదు.

ఆ అంగడి సరస్వతమ్మది. భర్త చింతపండు వ్యాపారం చేస్తూ చనిపోయాడు. అప్పటి నుంచి ముందుగది మూతపడింది. వెనక ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటోంది. పరాయి మగవాళ్ళ ఎదుటికి వచ్చేది కాదు. ఆమె మరిది హనుమంతరాయుడు ఆ బేరం తన చేతి మీదుగా జరగాలన్నాడు.

"ఆడమనిషి గుడ్డ కింద చెయ్యి పెడతాదా? నేను పెడతా. యాడుండాది మీ గుడ్డ?"

సంజీవప్ప తుండుగుడ్డ భుజం మీది నుంచి తీయలేదు. "ఇల్లు ఎవరిదో చెయ్యి వాళ్ళదే" అని లేచి, తర్వాతి రైలుకు పెనుకొండ వెళ్ళిపోయాడు. మరుసటి రోజు వచ్చేటప్పుడు రామక్కను వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆ బేరం గురించి నారాయణస్వామి బతికినంతకాలం చెప్పుకున్నాడు.

నడిమింటి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల సరస్వతమ్మ, బయట గడపకు ఇవతల రామక్క. రామక్క ఎడమచేయి తలుపు సందులోంచి లోపలికి, సరస్వతమ్మ కొంగు కిందికి పోయింది. కుడిచేయి ఇటు సంజీవప్ప తుండుగుడ్డ కిందికి వచ్చింది. సంజీవప్ప రెండో చేయి నారాయణస్వామి చేతిని పట్టుకుంది. ఆ చేయి పొడిగా, వెచ్చగా ఉంది. ఏ వేలినీ నొక్కకముందే, తను ఎంతవరకు తూగగలడో, ఎక్కడ విరిగిపోతాడో ఆ చేతికి తెలిసిపోయినట్టు అనిపించింది. నేతగాడు పడుగు మీద అరచేయి ఆనించి ఏ దారం వదులో చెప్పగలడు. ఇదీ అట్లాగే ఉంది. దారం స్థానంలో తనున్నాడు.

నలుగురి చేతుల గుండా ఏదో పోతోంది, వస్తోంది. మొహాల్లో ఏమీ లేదు. రామక్క మాత్రం ఆగకుండా మాట్లాడుతోంది.

"మా ఎనుము ఉండాది చూడమ్మా, అది నన్ను తప్ప ఎవర్నీ దగ్గరికి రానీదు. ఈయప్ప పోతే తంతాది. తన్నించుకోని ఈయప్ప మళ్ళా పోతాడు. నోరు ఇప్పి ఒక్క మాటంటే అదీ రానిస్తుందేమో, అనడు కదా!"

లోపల సరస్వతమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించిందని వీధివాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

"ఎంతప్పా? ఎంతకు తెగింది?" హనుమంతరాయుడు అటూ ఇటూ తిరుగుతున్నాడు.

సంజీవప్ప తుండుగుడ్డ దులిపి భుజం మీద వేసుకున్నాడు. తెగిందని దానర్థం. ఎంతకు అన్నది మరిదికి చివరిదాకా తెలియలేదు. ఆకువక్కలు ఇచ్చిపుచ్చుకున్నారు.

నారాయణస్వామి ధర్మవరం వెళ్ళి సాహుకారు దగ్గర సెలవు తీసుకున్నాడు. అతను లేచిన చోట ఆ పూటే ఇంకొకడు కూర్చున్నాడు. మేనమామ వాడకుండా వదిలేసిన పాత మగ్గం విప్పి, కట్టలు కట్టి, గూడ్సు బండికి వేశాడు. పెండ్లాం పుట్టమ్మ పట్టునూలు మూట ఎవరికీ ఇవ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చింది.

అంగడి తలుపు తెరిచి, ఊడ్చి, వెలుతురు చూసుకుని, గదికి నడుమ నారాయణస్వామి గడ్డపార దించాడు.

రెండో పోటు పడకముందే నడిమింటి తలుపు తెరుచుకుంది. సరస్వతమ్మ మొదటిసారి పరాయివాళ్ళ ఎదుటికి వచ్చింది.

"ఏం చేస్తాండావప్పా?"

"గుంతమ్మా."

"ఏం గుంత?"

"మగ్గానికి."

"మగ్గానికి గుంతేందప్పా?"

నారాయణస్వామి గడ్డపార ఆపి ఆమె వైపు చూశాడు. ధర్మవరంలో అతను పుట్టిన ఇంట్లో గుంత ఉంది. పక్కింట్లో ఉంది. పిల్లలు ఆ గుంత అంచు పట్టుకునే నడక నేర్చుకుంటారు. నేతగాడు నేల మీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి తొక్కుడు కర్రలు తొక్కితేనే మగ్గం ఆడుతుంది. ఆ సంగతి తెలియని మనిషి లోకంలో ఉంటుందని అతనికి తట్టలేదు. అందుకే సంజీవప్పకు కూడా చెప్పలేదు.

"మగ్గమంటేనే గుంత గదమ్మా" అన్నాడు.

"నాకు మగ్గమంటే కట్టెలనే తెలుసు." ఆమె గడ్డపార దిగిన చోటునే చూస్తోంది. "మా ఆయప్ప ఈడే కూర్చునేటోడు. ఈడ కూర్చున్నట్టే పోయినాడు. ఈ జాగాలో నువ్వు గుంత తవ్వితే నేను చూస్తా ఉండాల్నా?"

హనుమంతరాయుడు ఆ మాటకే కాచుకుని ఉన్నట్టు వచ్చాడు. "చెప్పలా వదినా నేను? ఆడోళ్ళు ఆడోళ్ళు చేతులు పట్టుకుంటే బేరమవుతాదా? ఈయప్ప కట్టెలు బయట పడేయించు."

పుట్టమ్మ నూలు మూట గట్టిగా పట్టుకుంది. ధర్మవరంలో చోటు పోయింది. ఇక్కడ చోటు రాలేదు. పట్టు నేలకు తగలకుండా పెట్టేందుకు కూడా వాళ్ళకంటూ ఒక మూల లేదు.

ఆ సాయంత్రం పెనుకొండలో సంజీవప్ప అంతా విన్నాడు. ఎప్పుడూ ఏమీ కనిపించని ఆ మొహం మీద ఏదో కదిలింది. తన కుడిచేతి వేళ్ళను ఒకటొకటే చూసుకున్నాడు.

"గుంతకు వేలు లేదప్పా" అన్నాడు. "నేను నోటితో అడగాల్సింది. అడగలా."

తెల్లారి అతను, రామక్క, నారాయణస్వామి ఒకే రైల్లో హిందూపురం చేరారు. సంజీవప్ప తుండుగుడ్డ విప్పలేదు. గడ్డపార దిగిన చోట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెళ్ళగిల్లిన మట్టిపెళ్ళ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. తలుపు వైపు తిరిగి మాట్లాడాడు. అతను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం రామక్క కూడా ఎన్నడూ వినలేదట.

"అమ్మా. పరసలో ఎద్దునమ్మినోడు పలుపు ఇయ్యడు. ఎద్దు కొన్నోని వెంట పోతాది. అమ్మినోడు పలుపు విప్పి ఇంటికి తెచ్చుకుంటాడు. దాన్ని గూటానికి కట్టి పెట్టుకుంటాడు. నువ్వు ఈయప్పకు జాగా ఇచ్చినావు. మట్టి ఇయ్యలేదు. మట్టి నీదే. ఒక్క పిడికెడు గడప దాటదు. ఈయప్ప ఖాళీ చేసే పొద్దు, ఈ మట్టే ఈ గుంతలోనే పడాల. అదీ నా మాట."

తలుపు ఇంకొంచెం తెరుచుకుంది.

"అంతవరకూ మట్టి యాడుంటాది?" అంది సరస్వతమ్మ.

"నువ్వు చెప్పిన చోట."

ఆమె బయటికి వచ్చింది. గది అంతా చూసింది. గోడ వారన చేయి చూపింది. "ఆడ తిన్నె కట్టండి. కొంచెం ఎత్తుగా కట్టండప్పా. నాకు మోకాళ్ళ నొప్పులు."

నారాయణస్వామి వంగి, గోడ వారన తిన్నె పొడవు చేత్తో కొలిచాడు.

హనుమంతరాయుడు నోటిమాట చాలదన్నాడు. స్టాంపు కాయితం తెప్పించి, బాడుగకు గడువు పెట్టి, తనే దగ్గరుండి రాయించాడు. ఎన్నేండ్లకైనా సరే, ఖాళీ చేయునాడు బాడుగదారు తిన్నె పగలగొట్టి, అదే మట్టితో గుంత పూడ్చి, నేల మునుపటివలె చేసి ఇవ్వవలెను, లేనియెడల ఖాళీ చేసినట్టు కాదు. ఆ ముక్క అతను రెండుసార్లు చదివించుకున్నాడు. సంజీవప్ప అడ్డం చెప్పలేదు. సరస్వతమ్మ వేలిముద్ర వేసేటప్పుడు రామక్క ఆమె బొటనవేలు పట్టుకుంది.

గుంత తవ్వినంతసేపూ సరస్వతమ్మ గడప దగ్గర నిలబడింది. "కాళ్ళు దులిపి దాటండి" అని ప్రతిసారీ చెప్పింది. పుట్టమ్మ చివర్లో గది ఊడ్చి, చేటలో పడిన దుమ్మును కూడా తిన్నె మీదే పోసి, నీళ్ళు చల్లి మెత్తింది. మట్టి ఆరాక ఎర్రమన్ను పూసి, సున్నంతో అంచు దిద్దారు.

సంజీవప్ప అన్నట్టే జరిగింది. ఎద్దులు నీళ్ళు తాగుతుండగా ఆడవాళ్ళు నీడకు వచ్చారు. తలుపులోంచి చూశారు. దారం చుట్టిన నాడె ఇటు నుంచి అటు పోవడం, జరీ అంచు వేలెడంత పెరగడం చూశారు. "యో, ఇట్లనా నేసేది?" అని లోపలికొచ్చి తిన్నె మీద కూర్చున్నారు. కన్నడంలో అడిగినవాళ్ళకు నారాయణస్వామి వచ్చీరాని కన్నడంలో చెప్పాడు. ఎవరు ఏ చీర పట్టుకుపోయారో, ఏ పెండ్లికో, అతనికి ఇప్పుడు తెలుసు.

కొన్నాళ్ళకు సరస్వతమ్మ సాయంత్రాలు వచ్చి తిన్నె మీద కూర్చోవడం మొదలుపెట్టింది. మొదట తలుపుకు దగ్గరగా. తర్వాత నడుమ. భర్త కూర్చున్న మట్టి మీద కూర్చున్నానని ఆమె ఎవరితోనూ అనలేదు. అరచేత్తో తిన్నెను ఒకసారి తడిమి కూర్చునేది, అంతే. "ఈ రంగు బాగలేదప్పా, వంకాయ రంగు ఎయ్యి" అని చెప్పేది. ఆమె చెప్పిన రంగులు అమ్ముడుపోయేవి.

యుద్ధం వచ్చింది. జరీ దొరకలేదు. పట్టు దొరకలేదు. నారాయణస్వామి నూలు చీరలు నేశాడు, కొన్ని నెలలు ఏమీ నేయలేదు. బాడుగ మాత్రం చెల్లించాడు. ఆ రోజుల్లో సర్కారు కంట్రోలు గింజలు నిలవ చేసుకోవడానికి గిడ్డంగులు కావాలని పట్నంలో ఒకటే తిరుగుడు. హనుమంతరాయుడు ఒక పెద్ద బాడుగ బేరాన్ని పట్టుకొచ్చాడు. దానితోపాటు బూట్లు వేసుకున్న కొత్త దళారిని తెచ్చాడు. ఆ దళారి గుడ్డ వాడడు. వీధి అంతా వినబడేలా దుడ్ల లెక్క చెప్పాడు.

"గడువు అయిపోయింది" అన్నాడు హనుమంతరాయుడు. "కరారు ప్రకారం ఖాళీ చెయ్యప్పా."

నారాయణస్వామి పెనుకొండకు పరుగెత్తాడు. సంజీవప్పకు ఆ ఏడు పక్షవాతం వచ్చింది. కుడిచేయి ఒళ్ళో చచ్చినట్టు పడి ఉంది. దాని మీద తుండుగుడ్డ కప్పి ఉంది. రామక్క అతనికి సంగటి తినిపిస్తూ ఉంది. సంగతి విని అతను పెదవులు కూడదీసుకుని మాట్లాడాడు. సగం మాటలు రామక్క విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

"కరారు ఎట్లుంటే అట్ల చెయ్యి. గడ్డపార తీసుకో. తిన్నె పగలగొట్టు."

నారాయణస్వామి ఆ మాట మళ్ళీ అడిగించాడు. అదే మాట. అప్పుడే అతను మొదటిసారి ఆ ఇంటి నుంచి అన్నం తినకుండా లేచాడు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని పెనుకొండ కొండ కనుమరుగయ్యేదాకా చూశాడు. ఆ మనిషి చేయి పోయింది, దాంతోపాటు అంతా పోయింది అనుకున్నాడు.

మరునాడు సాయంత్రం అతను గడ్డపార తీశాడు. పుట్టమ్మ గోడ మీది చీరలు మడిచింది. హనుమంతరాయుడు, బూట్ల దళారి వీధిలో నిలబడ్డారు. సరస్వతమ్మ రోజూలాగే తిన్నె మీద కూర్చుని ఉంది.

"అమ్మా, కొంచెం లెయ్యి" అన్నాడు నారాయణస్వామి.

"యాడికి లేసేది?"

"తిన్నె పగలగొట్టి గుంత పూడ్చాలమ్మా. కరారులో ఉండాది."

ఆమె అరచేతిని తిన్నె మీద పెట్టింది. తర్వాత మరిదిని చూసింది.

"ఈ మట్టే ఆ గుంతలో పడాలని రాయించింది నువ్వే గదా?"

"నేనే వదినా. అందుకే చెప్తాండా..."

"పడకపోతే ఖాళీ చేసినట్టు కాదని రాయించింది నువ్వే గదా?"

హనుమంతరాయుడు బూట్ల దళారి వైపు చూశాడు.

"అయితే నేను కూర్చున్న దాన్ని ఎవరు పగలగొడతారో రమ్మను" అంది సరస్వతమ్మ. "మా ఆయప్పను ఇంగొకసారి నేలలో ఎయ్యడానికి నేను ఒప్పుకోను. నారాయణస్వామీ, ఆ గడ్డపార బయట పెట్టు. పుట్టమ్మా, చీరలు ఏమిటికి మడుస్తాండావు?"

బూట్ల దళారి ఒకరి తర్వాత ఒకరి మొహం చూసి, లెక్కలు చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

నారాయణస్వామి గుంత అంచున కూలబడ్డాడు. కాళ్ళు వాటంతట అవే లోపలికి దిగి తొక్కుడు కర్రల మీద ఆనాయి. గుంత అడుగు చల్లగా ఉంది. ఆనాడు మోకాళ్ళ మీద కూర్చుని మట్టిపెళ్ళ చేతిలో పట్టుకున్నప్పుడే సంజీవప్పకు ఇంత దూరం కనబడిందా? తనను కట్టేస్తుందనుకున్న తాడు తనను ఈ చోటికే కట్టి పెట్టింది.

అడగాలని పెనుకొండ పోయాడు. సంజీవప్ప తిన్నె మీదే ఉన్నాడు. నారాయణస్వామి జరిగిందంతా చెప్పి, "నీకు ఆ పొద్దే తెలుసునా అప్పా?" అన్నాడు.

సంజీవప్ప బాగున్న ఎడమచేతిని తుండుగుడ్డ కిందికి పోనిచ్చి, తలతో సైగ చేశాడు. నారాయణస్వామి తన చేయి గుడ్డ కిందికి దూర్చాడు. ఆ చేయి అతని వేళ్ళను పట్టుకుంది. పొడిగా, వెచ్చగా, మునుపటిలాగే. గట్టిగా నొక్కింది. వదలలేదు.

ఆ వేళ్ళ భాష నారాయణస్వామికి రాదు. రామక్కను పిలిచాడు. "ఏమంటాండాడు అక్కా? ఏ అంకె ఇది?"

రామక్క పేడచేతులు కడుక్కుని వచ్చి, గుడ్డ కిందికి తన చేయి కూడా పెట్టింది. కొంచెంసేపు తడిమి చూసింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"అంకె ఏమీ లేదులేప్పా. ఊరికే నీ చెయ్యి పట్టుకున్నాడు."